ముక్కులో పాలిప్ ఆపరేషన్: స్కాన్ నుంచి మూడో నెల దాకా

నాకు ముక్కులో పాలిప్‌ల ఆపరేషన్ రెండుసార్లు జరిగింది. మొదటిసారి అయ్యాక ఊపిరి హాయిగా ఆడుతోంది కదా అని రెండో నెలలో ఉప్పునీళ్ళతో కడగడం, నాలుగో నెలలో స్ప్రే మానేశాను. రెండున్నరేళ్ళకు రెండు రంధ్రాలూ మళ్ళీ మూసుకుపోయాయి. రెండోసారి చేసిన డాక్టరుగారు ఆపరేషన్‌కు ముందే కూర్చోబెట్టి చెప్పారు: "మేం కండ తీసినంత మాత్రాన జబ్బు పోదమ్మా. మందు లోపలిదాకా వెళ్ళడానికి దారి చేస్తున్నాం, అంతే." ఆ మాట మొదటిసారే నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అది పాలిప్పేనా?

మన ఇళ్ళల్లో దీన్ని "ముక్కులో కండ పెరిగింది" అంటారు, కొందరు దుర్మాంసం అంటారు. ఆ ఒక్క మాట కింద మూడు నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. అద్దంలో చూసుకున్నప్పుడు ముక్కు పక్కగోడకు గులాబీ రంగులో కనిపించే ఉబ్బు చాలామందిలో టర్బినేట్. అది అందరికీ పుట్టుకతో ఉండేదే. అలర్జీ వస్తే వాస్తుంది, తాకితే నొప్పి పుడుతుంది. పాలిప్ వేరు. పాలిపోయిన బూడిదరంగులో, నీరు నిండినట్టు మెరుస్తూ, తొక్క తీసిన ద్రాక్షపండులా ఉంటుంది. తాకినా నొప్పి తెలియదు. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే సైనస్ అనే గాలి గదుల లోపలి పొర నెలల తరబడి, ఏళ్ళ తరబడి వాచి, నీరు పట్టి, చివరికి సంచిలా కిందికి వేలాడుతుంది. ఎక్కువగా రెండు కళ్ళ మధ్య ఉండే ఎత్మాయిడ్ గదుల దగ్గర పుడుతుంది కాబట్టి మామూలుగా రెండు వైపులా ఉంటుంది.

ఒక్క వైపే ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. పిల్లల్లో, యువకుల్లో అది చెంప సైనస్ నుంచి పుట్టి గొంతు వెనక్కి వేలాడే ఆంట్రోకోనల్ పాలిప్ కావచ్చు. పెద్దవాళ్ళలో ఇన్వర్టెడ్ పాపిలోమా అనే గడ్డ కావచ్చు, అరుదుగా క్యాన్సర్ కూడా కావచ్చు. ఒక వైపే మూసుకుపోవడం, ఆ వైపు నుంచే రక్తం చారలు రావడం, ఆ వైపు కన్ను నీరు కారడం కలిసి ఉంటే డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపుతారు. చిన్నపిల్లల్లో రెండు వైపులా పాలిప్‌లు ఉంటే సిస్టిక్ ఫైబ్రోసిస్ (పుట్టుకతో వచ్చే ఒక జన్యు జబ్బు) ఉందేమో కూడా చూస్తారు.

ఇక "ఆపరేషన్ లేకుండా మందు పెట్టి కండ రాల్చేస్తాం" అనే చోటికి వెళ్ళకండి. ముక్కులో పెట్టే కాల్చే మందు పాలిప్ ఎక్కడుందో, ముక్కు దూలం (రెండు రంధ్రాల మధ్య గోడ) ఎక్కడుందో చూసి పని చేయదు. దూలానికి కన్నం పడితే అది జీవితాంతం ఉంటుంది.

ఆపరేషన్ కన్నా ముందు చేయాల్సినది

మొదట మందులు వాడి చూడాలి. స్టెరాయిడ్ ముక్కు స్ప్రే, ఉప్పునీళ్ళ కడుగు, అవసరమైతే కొద్ది రోజులు స్టెరాయిడ్ మాత్రలు. స్ప్రేని రెండు మూడు నెలలు క్రమం తప్పకుండా వాడితే గాని ఫలితం ఉందో లేదో తేలదు. చిన్న పాలిప్‌లు చాలావరకు దీనికే తగ్గుతాయి.

స్ప్రే కొట్టే పద్ధతి నాకు పదేళ్ళలో ఎవరూ చూపించలేదు. తల కొంచెం ముందుకు వంచాలి. కుడి చేత్తో ఎడమ రంధ్రంలోకి, ఎడమ చేత్తో కుడి రంధ్రంలోకి కొట్టాలి. అప్పుడు మొన దానంతట అదే దూలానికి దూరంగా, అదే వైపు కంటి బయటి మూలకేసి తిరుగుతుంది. గట్టిగా పీల్చనక్కర్లేదు. గట్టిగా పీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది.

మందుల షాపులో దొరికే ముక్కు చుక్కల సంగతి వేరు. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ రకం చుక్కలు వేసిన నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది కాబట్టి వదలబుద్ధి కాదు. నాలుగైదు రోజులు దాటితే ముక్కు వాటికి అలవాటుపడి, వేయకపోతే ఇంకా గట్టిగా మూసుకుపోతుంది. స్టెరాయిడ్ స్ప్రేకు ఆ గుణం లేదు. "స్టెరాయిడ్" అన్న పేరు విని స్ప్రే మానేసి, ఏ భయం లేకుండా నెలల తరబడి చుక్కలు వాడేవాళ్ళను నేను చాలామందిని చూశాను. అది తలకిందుల వ్యవహారం.

ఇంకో సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి. మీకు ఉబ్బసం ఉందా? ఆస్పిరిన్ గాని, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రలు గాని వేసుకున్నాక ఆయాసం వచ్చిందా? ఉబ్బసం, పాలిప్‌లు, ఈ మాత్రలు పడకపోవడం మూడూ ఒకే మనిషిలో ఉండటాన్ని శామ్టర్ త్రయం అంటారు. 1968లో శామ్టర్, బీర్స్ అనే వైద్యులు దీన్ని వివరంగా రాశారు. వీళ్ళలో పాలిప్‌లు త్వరగా తిరిగొస్తాయి. అంతకన్నా ముఖ్యంగా, ఆసుపత్రిలో ఎవరైనా తెలియక ఆ నొప్పి ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. కేసు షీటు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయించుకోండి.

స్కాన్

డాక్టరు ముందు సన్నని దుర్బిణి ముక్కులో పెట్టి చూస్తారు. మత్తుమందు తడిపిన దూది పెట్టి కొద్దిసేపు ఆగి చూస్తారు కాబట్టి నొప్పి ఉండదు, తుమ్ము వస్తున్నట్టు, కళ్ళు చెమ్మగిల్లినట్టు ఉంటుంది. ఆపరేషన్ ఖాయమైతే సైనస్‌ల సీటీ స్కాన్ తప్పనిసరి. ఎత్మాయిడ్ గదులకు ఒక పక్క కన్ను, పైన మెదడు. మధ్యలో ఉండేది కాగితమంత పల్చని ఎముక. ఎవరి ముక్కులో ఆ ఎముక ఎంత పల్చగా ఉందో, మెదడు కింది పలక ఎంత కిందికి దిగి ఉందో సర్జన్‌కు చెప్పేది సీటీయే. జలుబు ముదిరి ఉన్నప్పుడు తీయించుకుంటే అంతా నిండినట్టే కనిపిస్తుంది. అందుకని కాస్త తగ్గాక తీయించుకోమంటారు.

నా రెండో రిపోర్టులో "అలర్జిక్ ఫంగల్ సైనసైటిస్" అని ఉంది. అది చదివి మా అమ్మ ఏడ్చేసింది. 2021లో బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన రోజులు ఆవిడ మరిచిపోలేదు. ఈ రెండూ వేరు. బ్లాక్ ఫంగస్ కణజాలాన్ని, రక్తనాళాలను తొలుచుకుంటూ రోజుల్లో పాకిపోతుంది. ఎక్కువగా అదుపులో లేని షుగరు ఉన్నవాళ్ళకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకు వస్తుంది. అలర్జిక్ ఫంగల్ అంటే సైనస్‌లో చేరిన ఫంగస్‌కు శరీరం అలర్జీగా స్పందించి జిగురులాంటి చిక్కని చీమిడి తయారుచేయడం. వేడి, తేమ ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో ఇది మామూలుగా చూసేదే. ఆ జిగురంతా శుభ్రంగా తీయాలి కాబట్టి దీనికి మందుల కన్నా ఆపరేషన్ ముందు వస్తుంది.

తేదీ ఖాయమయ్యాక

రక్తం పలచబడే మందుల సంగతి మొదట చూసుకోండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఎన్ని రోజుల ముందు ఆపాలి, అసలు ఆపవచ్చా లేదా అన్నది గుండె డాక్టరే తేల్చాలి. స్టెంట్ ఉన్నవాళ్ళు సొంతంగా ఆపితే ముక్కు కన్నా పెద్ద ప్రమాదం. చేపనూనె, వెల్లుల్లి మాత్రలు, ఆయుర్వేద మందులు వాడుతుంటే అవీ చెప్పండి. సిగరెట్ తాగేవాళ్ళు ఆ రోజు నుంచే ఆపాలి, పొగ పుండును మాననివ్వదు.

రక్తస్రావం తగ్గడానికి చాలామంది సర్జన్లు ముందు ఐదారు రోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. షుగరు ఉన్నవాళ్ళకు ఆ రోజుల్లో అది అమాంతం పెరుగుతుంది. ఇంట్లోనే మిషనుతో పొద్దున, సాయంత్రం చూసుకుని రాసిపెట్టుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ ఒక్క పూట కూడా మానకూడదు, ఆసుపత్రికీ వెంట తీసుకెళ్ళాలి.

డబ్బు విషయం. చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో సైనస్, ముక్కు ఆపరేషన్లకు మొదటి రెండేళ్ళు వర్తించదన్న షరతు ఉంటుంది. అడ్మిట్ అయ్యాక తెలుసుకోవడం కన్నా ముందే పాలసీ కాగితం చదవడం మేలు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను కలిసి, మీకు చేయబోయే ఆపరేషన్ పేరు చెప్పి, అది జాబితాలో ఉందో లేదో అడగండి.

ముందు రోజు రాత్రి తేలికగా తినండి. ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి అన్నం, టిఫిను, పాలు, పాలు కలిపిన టీ ఏవీ వద్దు. మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు, కానీ మీ మత్తు డాక్టరు చెప్పిన సమయమే పాటించండి. గోళ్ళరంగు, ముక్కుపుడక, ముక్కెర తీసేయాలి. బిగుసుకుపోయిన ముక్కుపుడక థియేటర్ గుమ్మం దగ్గర ఊడదు, రెండు రోజుల ముందే తీయించుకోండి.

ఆపరేషన్ రోజు

ఈ ఆపరేషన్‌ను ఫెస్ (ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ) అంటారు. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మెసెర్‌క్లింగర్ అనే వైద్యుడు సైనస్‌లు తమ చీమిడిని ఏ దారిలో బయటికి పంపుతాయో దుర్బిణితో చూసి పరిశోధించాడు. ఆ దారినే తెరవాలన్న ఆలోచన మీద పుట్టిన ఈ పద్ధతికి 1985లో అమెరికాలో కెనడీ అనే వైద్యుడు ఈ పేరు పెట్టాడు. అంతకుముందు తీగ ఉచ్చు వేసి పాలిప్‌ను లాగేసేవారు. మూలం సైనస్‌లో అలాగే ఉండిపోయేది.

పూర్తి మత్తులో చేస్తారు. ముఖం మీద కోత ఉండదు. అడ్రినలిన్ తడిపిన దూది పెట్టి రక్తనాళాలను ముడుచుకునేలా చేసి, 4 మిల్లీమీటర్ల దుర్బిణి లోపలికి పంపి, టీవీ తెర మీద చూస్తూ మైక్రోడిబ్రైడర్ అనే పరికరంతో పాలిప్‌ను కోస్తూ పీల్చేస్తారు. తర్వాత చెంప, ఎత్మాయిడ్, అవసరాన్ని బట్టి నుదురు, వెనక స్ఫీనాయిడ్ సైనస్‌ల ద్వారాలు వెడల్పు చేస్తారు. దూలం వంకర అడ్డుగా ఉంటే అదీ సరిచేస్తారు. గంట నుంచి మూడు గంటలు పట్టవచ్చు. తీసిన ముక్కలు పరీక్షకు పంపారో లేదో అడిగి తెలుసుకోండి.

సంతకం పెట్టే కాగితంలో కంటికి దెబ్బ, మెదడు చుట్టూ ఉండే నీరు కారడం అని రాసి ఉంటుంది. చదివి భయపడటం సహజం. అనుభవం ఉన్న చేతుల్లో అలాంటి పెద్ద ప్రమాదాలు నూటికి ఒకరి కన్నా తక్కువమందికే జరుగుతాయి. రెండోసారి ఆపరేషన్ అయితే ఆనవాళ్ళు చెరిగిపోయి ఉంటాయి కాబట్టి నావిగేషన్ (పరికరం మొన ఎక్కడుందో స్కాన్ బొమ్మ మీద చూపించే ఏర్పాటు) ఉన్న చోట చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మెలకువ వచ్చేసరికి ముక్కు నిండా రక్తం ఆగడానికి పెట్టిన ప్యాక్ ఉండవచ్చు. నోటితోనే ఊపిరి. ఆ మొదటి పది నిమిషాల కంగారు నాకు బాగా గుర్తు. ముందు రోజు ఇంట్లో ముక్కు మూసుకుని నోటితో నెమ్మదిగా పీల్చడం కాసేపు అలవాటు చేసుకుంటే అది సగం తగ్గుతుంది. స్పాంజి ప్యాక్ అయితే ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. తీసేటప్పుడు పొడవాటి వస్తువేదో తలలోంచి లాగినట్టు ఉంటుంది, కళ్ళల్లో నీళ్ళొస్తాయి, అర నిమిషంలో అయిపోతుంది. ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్ళకండి, కళ్ళు తిరుగుతాయి. కరిగిపోయే ప్యాక్ పెడితే తీసే పనే ఉండదు.

మొదటి వారం

మూడు నాలుగు రోజులు ముక్కు నుంచి రక్తం కలిసిన నీళ్ళు, తర్వాత గోధుమరంగు చీమిడి వస్తాయి. గొంతులోకి జారినదాన్ని మింగకుండా ఉమ్మేయండి, మింగితే వాంతి వస్తుంది. మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. పెదాలు ఎండిపోకుండా వాజిలిన్ రాయండి, మంచం పక్కన నీళ్ళ గ్లాసు ఉంచుకోండి.

ముక్కు చీదకూడదు. రెండు వారాలు, లేదా డాక్టరు చెప్పేదాకా. ఇదే అన్నిటికన్నా కష్టమైన నియమం, ఎందుకంటే ముక్కు నిండుగా ఉన్నట్టే అనిపిస్తుంది. తుమ్ము వస్తే ఆపకండి, నోరు బార్లా తెరిచి తుమ్మండి. వంగి బిందె ఎత్తడం, ఇల్లు తుడవడం, పిల్లల్ని ఎత్తుకోవడం, మలబద్ధకంతో ముక్కడం అన్నీ తలకు రక్తం తోస్తాయి. ఐదు కిలోలు దాటిన బరువు వద్దు. మరీ వేడినీళ్ళ స్నానం, పొగలు కక్కే సాంబారు, ఆవిరి పట్టడం కూడా మొదటి వారం వద్దు. మెత్తటి పెరుగన్నం, గోరువెచ్చటి చారన్నం, ఇడ్లీ చాలు. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది, డాక్టరు రాయనిదే వేరే నొప్పిమాత్ర వేసుకోకండి. స్టెరాయిడ్ మాత్రలు తగ్గిస్తూ ఆపమంటే ఆ లెక్కనే ఆపండి.

కొత్తగా ఎర్రటి రక్తం కారితే కూర్చుని తల ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని వేళ్ళతో పది నిమిషాలు గడియారం చూసి నొక్కిపట్టండి. మన పెద్దవాళ్ళు తల వెనక్కి వాల్చమంటారు. అలా చేస్తే రక్తం గొంతులోకి పోతుంది.

ముక్కు కడగడం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి. ప్యాక్ తీసిన మర్నాటి నుంచి గాని, డాక్టరు చెప్పిన రోజు నుంచి గాని మొదలుపెట్టాలి. 200 నుంచి 240 మిల్లీలీటర్లు పట్టే నొక్కుడు సీసా, దాంతో వచ్చే ఉప్పు ప్యాకెట్లు మందుల షాపుల్లో దొరుకుతాయి. వంటింటి ఉప్పులో అయోడిన్ కలిపి ఉంటుంది, కొందరికి మంట పుడుతుంది, కొలతా సరిగ్గా కుదరదు. ప్యాకెట్ దొరకని రోజు అయోడిన్ లేని మెత్తటి ఉప్పు 250 మిల్లీలీటర్ల నీటికి అర టీస్పూను కన్నా కొంచెం తక్కువ, చిటికెడు తినే సోడా కలపండి.

నీళ్ళ దగ్గర రాజీ వద్దు. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు నేరుగా ముక్కులోకి పోయకూడదు. మెదడును తినే అమీబా అని వార్తల్లో వచ్చే నేగ్లేరియా ముక్కు ద్వారానే మెదడుకు చేరుతుంది. కేరళలో ఇటీవలి ఏళ్ళలో ఆ కేసులు చూశాం. తాగడానికి బాగున్న నీళ్ళు ముక్కుకు బాగుంటాయని అనుకోకండి. ఆర్‌ఓ నీళ్ళైనా సరే కనీసం ఒక నిమిషం తెర్ల కాగనిచ్చి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లారాక వాడండి. నేను పొద్దున టీ పెట్టేటప్పుడే ఒక స్టీలు గిన్నెలో కాచి ఫ్లాస్కులో పోసుకుంటాను, సాయంత్రానికీ అవే.

బేసిన్ మీదకు వంగి, నోరు తెరిచి, నోటితో ఊపిరి తీస్తూ ఉండండి. సీసా మొన ఒక రంధ్రానికి ఆనించి, అదే వైపు కంటి మూలకేసి తిప్పి, మెల్లగా నొక్కండి. నీళ్ళు రెండో రంధ్రంలోంచో నోట్లోంచో వస్తాయి. సగం సీసా ఒక వైపు, సగం రెండో వైపు. మధ్యలో మింగవద్దు, మింగితే చెవుల్లోకి తోసినట్టవుతుంది. అయ్యాక తల అటూ ఇటూ వంచి మిగిలిన నీళ్ళు కారనివ్వండి. ఎంత వంచినా ఇంకో అరగంటకు ఎక్కడినుంచో ధారగా కారుతుంది. అందుకని బయటికి వెళ్ళే ముందో, పడుకోబోయే ముందో చేయకండి. రోజుకు కనీసం రెండుసార్లు. స్ప్రే ఉంటే కడిగిన పావుగంట తర్వాత కొట్టండి, ముందు కొడితే మందంతా కొట్టుకుపోతుంది. సీసాను రోజూ వేడినీళ్ళతో కడిగి బోర్లించి ఆరబెట్టండి, మూడు నెలలకోసారి మార్చండి.

కొందరికి డాక్టర్లు ఈ కడుగు నీళ్ళలోనే బుడెసోనైడ్ అనే స్టెరాయిడ్ మందు కలిపి వాడమంటారు. ఎంత కలపాలో చీటీలో రాయించుకోండి.

క్లీనింగ్‌కు వెళ్ళే రోజులు

ఆపరేషన్ అయిన వారానికి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడు వారాలకోసారి దుర్బిణితో లోపల గట్టిపడ్డ పక్కులు తీస్తారు. చిరాకుగానే ఉంటుంది. కానీ పక్కులు అలాగే ఉంటే పచ్చి గోడలు రెండూ అతుక్కుని, తెరిచిన ద్వారం మూసుకుపోతుంది. మొదటిసారి నేను రెండో క్లీనింగ్‌తో ఆపేశాను. అరగంట ముందు పారాసిటమాల్ వేసుకుని, ఇంట్లో బాగా కడుక్కుని వెళితే పక్కులు మెత్తబడి సులువుగా వస్తాయి.

వాసన

వాసన పోయినవాళ్ళకు పాలు మాడినా తెలియదు, గ్యాసు లీకైనా తెలియదు. తిరిగొచ్చేదాకా వంటింట్లో గ్యాస్ డిటెక్టర్ పెట్టించండి, రాత్రి సిలిండర్ దగ్గరే రెగ్యులేటర్ కట్టేయండి.

వాపు దిగేకొద్దీ కొందరికి రెండు మూడు వారాల్లో, కొందరికి నెలల్లో వాసన వస్తుంది. ఒక రోజు వచ్చి మర్నాడు పోతుంది, మళ్ళీ వస్తుంది. నాకు మొదట తెలిసింది ఆటో దిగుతుండగా మురుగు కాలువ వాసన. అక్కడే నిలబడి మా చెల్లెలికి ఫోన్ చేశాను. నెల దాటినా రాకపోతే డాక్టరును అడిగి వాసన సాధన మొదలుపెట్టవచ్చు. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనెలు నాలుగు చిన్న సీసాల్లో పెట్టుకుని, రోజుకు రెండుసార్లు ఒక్కొక్కటి పది ఇరవై సెకన్లు, ఆ వాసనను గుర్తు తెచ్చుకుంటూ చూడాలి. మూడు నెలలైనా ఓపిక పట్టాలి.

పని, ప్రయాణం

కూర్చుని చేసే ఉద్యోగానికి వారం పది రోజుల్లో వెళ్ళవచ్చు. దుమ్ములో, మిరప యార్డులో, రైసు మిల్లులో పని అయితే మూడు వారాలు ఆగి, మాస్కుతో వెళ్ళండి. జిమ్, ఈత డాక్టరు చూసి సరేనన్నాకే. విమానం సాధారణంగా రెండు వారాల దాకా వద్దంటారు. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో సెలవు మీద వచ్చి ఇక్కడ చేయించుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది. తిరుగు టికెట్ రెండో క్లీనింగ్ అయ్యాక ఉండేలా, వచ్చిన మొదటి వారంలోనే ఆపరేషన్ పడేలా చూసుకోండి.

ఇవి కనిపిస్తే రాత్రైనా వెళ్ళాలి

- నొక్కిపట్టినా ఆగని రక్తం
- కంటిచుట్టూ పెరుగుతున్న వాపు, రెండుగా కనపడటం, చూపు మసకబారడం
- వంగినప్పుడు ఒక రంధ్రంలోంచి మంచినీళ్ళలా స్వచ్ఛంగా, ఉప్పగా బొట్లు కారడం
- 101 డిగ్రీలు దాటిన జ్వరం, మెడ బిగుసుకుపోవడం, భరించలేని తలనొప్పి

కడిగిన తర్వాత కారే నీళ్ళకు, మూడో దానికి తేడా గమనించండి. కడగకుండా ఉన్న పూట కూడా కారుతుంటే అప్పుడు అనుమానించాలి.

ఆ తర్వాతి ఏళ్ళు

స్ప్రే ఎన్నాళ్ళు అని అడిగితే, డాక్టరు ఆపమనేదాకా. చాలామందికి అది ఏళ్ళ మాట. ఆపరేషన్‌కు ముందు పాలిప్‌ల మీదే ఆగిపోయిన మందు ఇప్పుడు సైనస్ లోపలిదాకా వెళ్తుంది. ఈ తేడా కోసమే ఇంత కష్టపడ్డది. ఇంత చేసినా మళ్ళీ మళ్ళీ పెరిగేవాళ్ళు ఉంటారు, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవాళ్ళు. వాళ్ళకు ఇప్పుడు డుపిలుమాబ్ లాంటి బయలాజిక్ ఇంజెక్షన్లు (వాపు పుట్టించే సంకేతాలను అడ్డుకునే మందులు) ఉన్నాయి. 2019లో అమెరికాలో పాలిప్‌లకు దానికి అనుమతి వచ్చింది. సాధారణంగా రెండు వారాలకోసారి, నెలల తరబడి వేసుకోవాలి, ఖరీదు చాలా ఎక్కువ. మూడోసారి ఆపరేషన్ అనే మాట వచ్చినప్పుడు దీని గురించి తప్పకుండా అడగండి.

మూడో నెలలో, ఆరో నెలలో, తర్వాత ఏడాదికోసారి దుర్బిణితో చూపించుకోండి. పాలిప్ బియ్యపు గింజంత ఉన్నప్పుడు మీకు ఏమీ తెలియదు, దుర్బిణికి తెలుస్తుంది, అప్పుడు మందుతోనే అణగవచ్చు. వెళ్ళేటప్పుడు పాత సీటీ ఫిల్ములు, ఆపరేషన్ నోటు, ముక్క పరీక్ష రిపోర్టు మూడూ ఒకే కవరులో పెట్టి తీసుకెళ్ళండి. నా మొదటి ఆపరేషన్ నోటు పోగొట్టుకోవడం వల్ల ఏ సైనస్ తెరిచారో తెలియక రెండో డాక్టరు మళ్ళీ స్కాన్ తీయించాల్సి వచ్చింది.